గ్రస్తాస్తమయం

ఎనిమిదో తరగతికి సౌర కుటుంబం పాఠం చెప్పేటప్పుడు కళ్యాణి పుస్తకం ముట్టుకునేది కాదు. పిల్లల్ని లేచి నిలబడి ఉన్నచోటనే గిరగిరా తిరగమనేది. కళ్లు తిరిగి బెంచీల మీద కూలబడ్డాక, "తిరిగింది మీరా, ఈ తరగతి గదా?" అని అడిగేది. "గదే, మేడం!" అని అరిచేవాళ్లు. "వేల ఏళ్లు మనుషులంతా మీలాగే అనుకున్నారు," అని అక్కణ్నుంచి మొదలుపెట్టేది.

పడవలో పోయేవాడికి ఒడ్డున చెట్లు వెనక్కి పోతున్నట్టు కనిపిస్తాయి. ఆకాశం తిరగడం కూడా అలాంటిదేనని ఆర్యభటుడు పదిహేను వందల ఏళ్ల కిందటే అన్నాడు. గ్రహణాన్ని ఏ పామూ మింగడం లేదని, అది ఉత్త నీడేనని కూడా ఆయనే అన్నాడు. తర్వాత వచ్చిన పెద్ద పండితులే ఆయన్ను తప్పుపట్టారు. ముందుకు నడుస్తున్న అంగారకుడు ఉన్నట్టుండి వెనక్కి మళ్లినట్టు కనిపించడం తరతరాల వాళ్ల బుర్రలు తినేసింది. భూమినీ కదిలించి, సూర్యుణ్ణి మధ్యలో నిలబెట్టాక గానీ ఆ చిక్కు విడలేదు. ఇదంతా కళ్యాణి పిల్లల్నే గ్రహాలుగా నడిపించి చూపించేది. భూమి అయిన పిల్ల లోపలి దారిలో వేగంగా నడిచి, బయటి దారిలో నడిచే అంగారకుణ్ణి దాటిపోయేది. "వెనక్కి పోతున్నడు మేడం, అవతలి గోడను బట్టి చూస్తే వెనక్కి పోతున్నడు!" అని అరిచేది. ఆ అరుపు కోసమే తను టీచరు ఉద్యోగం చేస్తున్నానని కళ్యాణికి అనిపించేది.

బడి పుప్పాలగూడ పాత ఊరిలో, రెండు అపార్ట్‌మెంట్ల మధ్య ఇరుక్కున్న మూడంతస్తుల ఇల్లు. అక్కడికి రెండు వీధుల అవతల కళ్యాణి వాళ్లు కిరాయికి ఉండేవారు. భర్త శేఖర్ ఒక కంపెనీకి క్యాబ్ నడిపేవాడు. అత్త సాయమ్మ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక అద్దాల బిల్డింగులో హౌస్‌కీపింగ్ పని చేసేది. జనగామ పక్క పల్లె నుంచి వచ్చిన ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి కళ్యాణే. ఆ సంగతి సాయమ్మ బిల్డింగులో అందరికీ చెప్పుకునేది. "మా కోడలు చుక్కల లెక్కలు చెప్తది," అనేది.

పెళ్లయిన చాలా ఏళ్లకు కళ్యాణికి కడుపు పండింది. ఏడో నెల నడుస్తుండగా దీపావళి తెల్లవారి సూర్యగ్రహణం వచ్చింది. సాయంత్రం మొదలై, గ్రహణం విడవకుండానే సూర్యుడు దిగిపోతాడని టీవీలో పంతులు చెప్పాడు. దాన్ని గ్రస్తాస్తమయం అంటారని, కడుపుతో ఉన్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలని అన్నాడు.

సాయమ్మ ఆ రోజు పని మానేసింది. కిటికీకి దుప్పటి కట్టింది. కత్తి, కత్తెర తీసి అటక మీద పెట్టింది. నీళ్ల బిందెలో, పెరుగు గిన్నెలో దర్భలు వేసింది. తర్వాత కోడలి పక్కన వచ్చి కూర్చుంది.

"జర నా మాట ఇను బిడ్డా. గీ ఒక్కపూట ఇంట్లనే పండుకో."

"అది నీడ అత్తమ్మా. చందమామ ఎండకు అడ్డమొస్తది. మబ్బు అడ్డమొచ్చినట్టే."

"నీ లెక్క నిజమే గావచ్చు. నేను సదువుకోలె. గని ఒక్కపూట లోపట పండుకుంటే నీ లెక్క ఏమన్నా అబద్ధమైతదా?"

 సాయమ్మ చెల్లెలు చెన్నమ్మ సంగతి కళ్యాణికి తెలుసు. గ్రహణం పూట చెన్నమ్మ కూరగాయలు తరిగిందట. గ్రహణం మొర్రితో కొడుకు పుట్టాడు. పాలు చీకలేక, ఆకలికి ఏడ్చి ఏడ్చి పోయాడు. సాయమ్మది ఉత్త చాదస్తం కాదు, కళ్లతో చూసిన భయం.

కానీ బడిలో పిల్లలు వారం నుంచి అట్టలకు చిల్లులు పొడుచుకుని ఎదురు చూస్తున్నారు. టీచరే తలుపులు వేసుకుని పడుకుంటే ఇన్నాళ్లు చెప్పిన పాఠం ఏమవుతుంది? కళ్యాణి లేచి చెప్పులు వేసుకుంది. "పరేషాన్ గాకే అమ్మా, నేనే తోల్కపోయి తోల్కొస్త," అని శేఖర్ బండి తీశాడు. సాయమ్మ గడప దగ్గర నిలబడి కోడలి కొంగులో రెండు దర్భ పోచలు ముడివేసింది. కళ్యాణి వద్దనలేదు.

బడి మిద్దె మీద ఆ సాయంత్రం ఎంత బాగుందో తర్వాత తలచుకోవడం కూడా ఆమెకు కష్టమైంది. పడమట కోకాపేట టవర్ల మధ్య, క్రేన్ల వెనకాల సూర్యుడు ఒక పక్క కొరికిన రొట్టెలా ఉన్నాడు. ఎవరూ నేరుగా చూడలేదు. ఎండకు వీపు పెట్టి, అట్ట చిల్లులోంచి గోడ మీద పడిన చిన్న వెలుగు బొమ్మను చూశారు. అందులో కూడా అదే కొరుకు. కుండీలో మొక్క నీడ పడినచోట కూడా ఆకుల సందుల్లోంచి అన్నీ కొరికిన సూర్యుళ్లే. రమ్య అనే పిల్ల తన అట్టను అటూ ఇటూ తిప్పుతుంటే ఆ వెలుగు ముక్క వచ్చి కళ్యాణి కడుపు మీద పడింది.

"మేడం, బుజ్జిపాప కూడా గ్రహణం చూస్తుంది!" అంది రమ్య.

అందరూ నవ్వారు. కళ్యాణి కూడా కడుపు మీద చెయ్యి వేసుకుని నవ్వింది. పిల్లల్ని తీసుకుపోవడానికి వచ్చిన ఒకావిడ ఫోన్లో ఫొటో తీసింది.

సంక్రాంతి దాటాక ఆడపిల్ల పుట్టింది. నర్సు బిడ్డను చూపించేటప్పుడు మొదట మొహం పక్కకు తిప్పి చూపించింది. తర్వాత ఇటు తిప్పింది. పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది.

స్కానింగులో మొహం అటు తిరిగి ఉండడం వల్ల కనిపించలేదని డాక్టరమ్మ చెప్పింది. పెదవికి ఆపరేషన్ చెయ్యవచ్చని, కానీ గుండెలో కూడా లోపం ఉందని, అదే భయమని చెప్పింది. కళ్యాణి అన్నీ వినేసి ఒకటే అడిగింది.

"పెదవి ఎప్పుడు తయారవుతుంది డాక్టర్?"

"రెండో నెలలోనే అమ్మా. మూడో నెల దాటితే ఇక పెదవి కొత్తగా చీలదు."

గ్రహణం వచ్చింది ఏడో నెలలో. అప్పటికే ఆ పెదవి అలా ఉంది. మిద్దె మీద అందరూ నవ్వినప్పుడు లోపల అది అలాగే ఉంది. కళ్యాణి ఈ మాట శేఖర్‌కు చెప్పింది, చూడడానికి వచ్చిన చుట్టాలకు చెప్పింది. వాళ్లు తల ఊపారు. బయట వరండాలోకి పోయి, "గ్రహణం పూట మిద్దె ఎక్కిందంట," అని మాట్లాడుకున్నారు.

సాయమ్మ మాత్రం ఒక్క మాట అనలేదు. బిడ్డ చీకలేకపోతే పాలు పిండించి, ఉగ్గుగిన్నెతో చుక్క చుక్క పోసేది. ముక్కులోంచి పాలు బయటికి వస్తే తుడిచి, మళ్లీ పోసేది. చేతుల్లో బిడ్డను నిటారుగా పట్టుకుని గంటలు గంటలు కూర్చునేది. బుజ్జి అని పిలిచేది. పేరు పెట్టే దాకా ఆ పిల్ల ఉండలేదు. పాలు తాగేటప్పుడు నీలంగా మారడం మొదలైంది. మళ్లీ దవాఖానకు తీసుకుపోయారు. రెండో నెల నిండకుండానే అక్కడే పోయింది.

మట్టి చేసి వచ్చిన రోజు సాయమ్మ గోడకు ఆనుకుని, "నేను గట్టిగ ఆపితే గిట్ల గాకపోవు. చెన్నమ్మ కొడుకును చూసి సుత నేను ఆపలేకపోయిన," అని తనను తాను తిట్టుకుంటూ ఏడ్చింది. కోడల్ని తిట్టి ఉంటే కళ్యాణి వాదించేది. ఈ ఏడుపుతో ఎలా వాదించాలో ఆమెకు తెలియలేదు.

 కొన్నాళ్లకు ఒకరోజు శేఖర్ అన్నం తింటూ తింటూ ఆపి, "నువ్వు ఆ రోజు ఇంట్ల ఉంటే..." అన్నాడు.

"శేఖర్, అంతకు ఎన్నో నెలల ముందే అట్ల అయ్యింది. డాక్టర్ నీ ముందరనే చెప్పింది."

"తెలుసు. నువ్వు చెప్పినవ్, డాక్టర్ చెప్పింది. అంత తెలుసు," అన్నాడు అతను. "అయినా కండ్లు మూసుకుంటే నాకు గా మిద్దెనే కనవడ్తది. నేనే గదా బండి మీద దించొచ్చిన."

చెయ్యి కడుక్కుని బయటికి వెళ్లిపోయాడు.

అప్పటికే ఆ ఫొటో తిరుగుతోంది. కళ్యాణి కడుపు మీద వెలుగు ముక్క, ఆమె నవ్వు. కింద ఎవరో రాశారు: శాస్త్రాన్ని ఎదిరించిన టీచరమ్మకు జరిగింది చూడండి, పదిమందికీ పంపండి. పుప్పాలగూడ నుంచి బోరబండ దాకా, అక్కణ్నుంచి ఎక్కడెక్కడికో పోయింది. ఊరి నుంచి చుట్టాలు దాన్నే శేఖర్‌కు తిప్పి పంపారు. సాయమ్మతో పనిచేసే ఆడవాళ్లు ఆమెకే చూపించి, "గిది మీ కోడలే గదా?" అని అడిగారు. సాయమ్మ చీపురు అక్కడే పడేసి ఇంటికి వచ్చేసింది. మళ్లీ ఆ బిల్డింగుకు పోలేదు.

కళ్యాణి బడికి తిరిగి వెళ్లిన రోజు ప్రిన్సిపాల్ పార్థసారథి లోపలికి పిలిచారు. ఆయన భీమవరం వైపు మనిషి, నెమ్మదస్తుడు.

"మీ తప్పు ఉందని నేను అనడం లేదండి. నేనూ సైన్సు చదువుకున్నవాణ్ణే. కానీ పేరెంట్స్ చాలామంది వచ్చి వెళ్లారండి. ఇక మిద్దె మీద కార్యక్రమాలు వద్దు. పుస్తకంలో ఉన్నది చెప్పండి, చాలు."

"పుస్తకంలో ఉన్నదే కదా సార్ నేను చూపించింది?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "అవునండి," అన్నారు. 

తరగతిలో పిల్లలు ఆమె మొహం చూడకుండా తలలు వంచుకుని కూర్చున్నారు. రమ్య ఏడుస్తూ స్టాఫ్‌రూమ్ దగ్గరికి వచ్చింది. "మేడం, ఆ వెలుగు మీ మీద వేసింది నేనే," అంది. కళ్యాణి ఆ పిల్లను కూర్చోబెట్టి, రెండో నెల, ఏడో నెల అంటూ బోర్డు మీద గీత గీసి ఓపికగా చెప్పింది. ఏది ముందో, ఏది వెనకో, ఏది దేనికి కారణం కాదో చూపించింది. రమ్య బుద్ధిగా విని, "సరే మేడం," అంది. కళ్లు మాత్రం నమ్మలేదు. ఆ ఏడాది చివర వాళ్ల అమ్మ రమ్యను వేరే బడిలో వేసింది.

ఆ రోజుల్లో కళ్యాణికి కెప్లర్ తరచుగా గుర్తొచ్చేవాడు. గ్రహాలు గుండ్రంగా కాదు, కోలగా ఉన్న దారుల్లో తిరుగుతాయని అంగారకుడి లెక్కలతో ఏళ్ల తరబడి కుస్తీ పట్టి తేల్చినవాడు. ఆ మనిషి తల్లిని ఊరివాళ్లు మంత్రగత్తె అన్నారు. ముసలామెను గొలుసులతో కట్టి జైల్లో పెట్టారు. కొడుకు ఆకాశం లెక్కలు పక్కన పెట్టి, ఏళ్ల తరబడి ఆమె కోసం కాగితాలు రాసుకుంటూ తిరిగాడు. చివరికి విడిపించాడు. ఆమె నెలల్లోనే చచ్చిపోయింది. ఈ సంగతి కళ్యాణి పిల్లలకు ఎప్పుడూ చెప్పలేదు. గ్రహాల దారులన్నీ తెలిసినవాడు తన ఊరి నాలుగు ఇళ్లవాళ్లకు ఒక్క మాట నచ్చజెప్పలేకపోయాడని పిల్లలకు ఎందుకు చెప్పాలి అనుకునేది.

రెండేళ్లు దాటాక మళ్లీ నెల తప్పింది. ఈసారి స్కానింగులో డాక్టరమ్మ బిడ్డ మొహాన్ని తెర మీద పెద్దది చేసి చూపించింది. పెదవులు బాగున్నాయి. గుండె బాగుంది. కళ్యాణి ఆ తెరను చూస్తూ ఉండిపోయింది. "ఇక ఫికర్ లేదుగా?" అని శేఖర్ రెండుసార్లు అడిగాడు.

నెలలు నిండుతుండగా, హోలీ పున్నమికి చంద్రగ్రహణం వచ్చింది. పొద్దుగూకేటప్పుడు చంద్రుడు గ్రహణంతోనే లేస్తాడు. భూమి నీడే చంద్రుడి మీద పడుతుంది. ఆ నీడ అంచు వంపును చూసే గ్రీకులు భూమి గుండ్రమని పోల్చుకున్నారు. కళ్యాణికి ఇదంతా తెలుసు. పెదవి ఎప్పుడు తయారవుతుందో తెలుసు, ఈ బిడ్డ పెదవులు తన కళ్లతో చూసింది.

మధ్యాహ్నం కింది వాటాలో ఉండే వసంత పైకి వచ్చింది. ఆమెకు నాలుగో నెల.

"అక్కా, నువ్వు సదివినవ్ గదా. నిజంగ ఏమన్నా అయితదా? మా ఆయనేమో ఏం గాదంటుండు."

"ఏం గాదు," అని చెప్పడానికి కళ్యాణి నోరు తెరిచింది. వసంత కడుపు వైపు చూసింది. రేపు ఈ పిల్లకు ఏమన్నా అయితే?

"ఎందుకైనా మంచిది, లోపలే ఉండు," అంది.

వసంత తల ఊపి కిందికి పోయింది.  కాసేపటికి కళ్యాణి తనే లోపలికి పోయి కిటికీకి దుప్పటి కట్టింది. కత్తిపీట తీసి మంచం కిందికి నెట్టింది. వెళ్లి పడుకుంది.

సాయమ్మ వచ్చి చూసి, చీకట్లో కోడలి కాళ్ల దగ్గర కూర్చుంది. పైన మిద్దె మీద పిల్లలు, "లేచింది, లేచింది, ఎర్రగుంది!" అని అరుస్తున్నారు.

"నీకు చూడాలనుంటే పో బిడ్డా," అంది సాయమ్మ మెల్లగా. "నేనేం అనను. నీకు ఇష్టం గదా. నేను సుత నీ ఎంబడి వస్త."

"వద్దత్తమ్మా."

"ఏం గాదన్నవ్ గదా అప్పుడు. నీడ అన్నవ్."

"నీడే," అంది కళ్యాణి. "నీడే అత్తమ్మా." లేవలేదు. సాయమ్మ ఆమె పాదాలు పట్టుకుని ఏడ్చింది. కళ్యాణి కూడా ఏడ్చింది. ఇద్దరూ అట్లాగే ఉండగా పైన పిల్లల అరుపులు తగ్గిపోయాయి.

ఎండాకాలంలో ఆడపిల్ల పుట్టింది. మచ్చ లేని మొహం, గట్టి ఏడుపు. చూడడానికి వచ్చిన వాళ్లంతా, "ఈసారి గ్రహణం పట్టింపు చేసింది, చూడు, బిడ్డ బంగారంలా ఉంది," అన్నారు. గల్లీలో కడుపుతో ఉన్నవాళ్లకు కళ్యాణి టీచర్‌నే ఉదాహరణగా చెప్పడం మొదలుపెట్టారు. ఆమె ఒక్కరితోనూ వాదించలేదు. బిడ్డను ఒళ్లో వేసుకుని వింటూ ఉండేది.

వానలు పడుతుండగా బడికి తిరిగి వెళ్లింది. సౌర కుటుంబం పాఠం వచ్చినప్పుడు కుర్చీలో కూర్చుని, పుస్తకం చూస్తూ గ్రహాల పేర్లు, దూరాలు చదివి చెప్పింది. పిల్లలు రాసుకున్నారు. గ్రహణాల పేజీ వచ్చింది.

"ఇది ఇంట్లో చదువుకోండి," అని పేజీ తిప్పింది.