జెట్‌లో నలుసు

సర్దిన సంచిని బెంగమ్మ మళ్ళీ మంచం మీద గుమ్మరించింది. తువ్వాళ్ళు, లోపలి బట్టలు, గడ్డం గీసుకునే సామాను, మందుల డబ్బా. అన్నిటికన్నా అడుగున పెట్టాల్సింది ఇస్త్రీ చేసిన నీలం చొక్కా. అది ఆసుపత్రిలో వేసుకోవడానికి కాదు, ఇంటికొచ్చే రోజుకి.

ప్రతిదానికీ బెంగపడుతుందని పెళ్ళయిన కొత్తలో భర్త తగిలించిన పేరు అది. అసలు పేరు ఆయనే మరిచిపోయాడు. జీవితమంతా అద్దె కారు నడిపిన మనిషి. మర్నాడు గుండె ఆపరేషన్. ఈ సాయంత్రమే వెళ్ళి చేరాలి.

వాకిట్లో కారు స్టార్టయింది. గడగడ వణికి, రెండు దగ్గులు దగ్గి, ఆగిపోయింది. బెంగమ్మ చొక్కా చేత్తో పట్టుకునే పరుగెత్తింది.

"బరువులెత్తొద్దని డాక్టరు చెప్పలేదూ? బానెట్ ఎందుకెత్తారు?"

"ఇంక ఎత్తనులే. విప్పేది నువ్వే. ఇంజను మిస్ కొడుతోంది, కార్బరేటర్ కడగాలి. ముందు ఆ చొక్కా లోపల పెట్టిరా, మసి అంటుకుంటే నా పెళ్ళికేం వేసుకోను?"

"ఇప్పుడా! టాక్సీ పిలుద్దామండీ."

"ఊరందర్నీ దింపినవాణ్ణి, నన్నింకొకడు దింపాలా? నువ్వే నడుపు."

"మీ మొండితనం తగలెయ్య!"

నడపడం ఆయనే నేర్పాడు. కానీ పక్కన ఆయన లేకుండా ఆమె వీధి చివరదాకా కూడా వెళ్ళలేదు. సరే, ఈసారీ పక్కనే ఉంటాడుగా అనుకుని స్క్రూడ్రైవర్ అందుకుంది.

ఆయన పేము కుర్చీలో కూర్చుని చెబుతుంటే ఆమె పైనున్న గాలి డబ్బా తీసింది, పెట్రోలు గొట్టం లాగింది. కార్బరేటర్ మూత మరలు విప్పి ఓ పళ్ళెంలో వరసగా పెట్టింది. లోపలి గిన్నె అడుగున ఎర్రటి మడ్డి.

"చూశావా, ట్యాంకు తుప్పు. నాకూ లోపల ఇలాగే పేరుకుందన్నమాట."

"ఆ పాడుమాటలు కట్టిపెట్టండి!" అంటూనే పాత బ్రష్‌తో మడ్డి అంతా పెట్రోలు పోసి కడిగింది. తర్వాత పెట్రోలును సన్నగా చిమ్మే జెట్ విప్పింది. ఇత్తడి ముక్క. మధ్యలో వెంట్రుక దూరేంత చిల్లు. వెలుతురుకి పెట్టి చూస్తే అవతలి వెలుగు కనిపించలేదు, ఏదో నలుసు అడ్డుపడింది. పొడుద్దామని కుట్టుమిషన్ దగ్గర్నుంచి సూది తెచ్చింది.

"ఆగవే! సూది పెడితే చిల్లు పెద్దదవుతుంది, ఇక అది పెట్రోలు తాగుతూనే ఉంటుంది. దాన్ని ఊదాలి. ఇలా ఇయ్యి."

ఆయన జెట్‌ను తుడిచి పెదాల మధ్య పెట్టుకున్నాడు. బుగ్గలు పొంగాయి. అంతలో దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. అది తగ్గాక, ఆమె ముఖం చూడకుండా జెట్ చేతిలో పెట్టాడు.

"నువ్వూదు."

ఊదింది. పెదాలకి పెట్రోలు చురుక్కుమంది. నలుసు కదల్లేదు.

"అంతేనా? నా మీద అరిచేటప్పటి ఊపిరంతా ఏమైందే?"

బెంగమ్మకి నవ్వూ ఏడుపూ ఒకేసారి ముంచుకొచ్చాయి. రెండూ కలిపి ఊదేసింది. మళ్ళీ వెలుతురుకి పెట్టింది. చిల్లులో చుక్కంత వెలుగు.

అన్నీ విప్పిన వరసకి వెనక నుంచి బిగించింది. ఇంజను స్టార్ట్ చేశాక ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఆ పక్క స్క్రూ కాస్త తిప్పు. ఊహూఁ, వెనక్కి. ఆఁ, అక్కడ!"

దడ తగ్గింది. ఇంజను కుట్టుమిషన్‌లా సాఫీగా ఆడింది.

"దీనికింత హడావుడా? దగ్గుకుంటూ అయినా ఆసుపత్రికి చేరేవాళ్ళం కదండీ," అంది చేతులు తుడుచుకుంటూ.

"చేరేవాళ్ళమే. పోయేటప్పుడు నేనుంటాను కదా, ఆగితే చెబుతాను." ఆయన ఇంజను వైపే చూస్తున్నాడు. "వచ్చేటప్పుడు నువ్వొక్కదానివే. వంతెన మీద ఆగిపోతే ఎవర్నడుగుతావే, బెంగమ్మా?"

ఆమె బానెట్ మూసి, సంచి తెచ్చి వెనక సీట్లో పెట్టింది. దారిలో ఆమె గేరు తప్పుగా వేసినా ఆయన ఒక్క మాట అనలేదు. ఆసుపత్రి గుమ్మం దగ్గర దిగి, బానెట్ మీద అరచేత్తో తట్టి లోపలికి నడిచాడు.

చీకటి పడ్డాక బెంగమ్మ ఒక్కతే తిరిగొచ్చింది. వంతెన మీద బళ్ళన్నీ నిలిచిపోయి కారు చాలాసేపు ఆగింది. ఇంజను ఆగలేదు.

ఆయన తిరిగి రాలేదు. ఆపరేషన్ అయిన మర్నాడు, బుధవారం తెల్లవారుజామున పోయాడు.