నాన్న గొంతుకు లెవెల్

మళ్ళీ ఎర్రదీపం, మళ్ళీ అన్నీ మరిచిపోయింది ఈ పెట్టె, వీధి జనరేటర్ వాడు ఒక్కసారి కరెంటు తీసి ఇచ్చాడంటే చాలు, గొంతును అంకెలుగా మార్చే ఈ కన్వర్టర్ ఇవాళే పుట్టినట్టు మొహం పెడుతుంది, లోపలి బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, మార్పించు నిదాల్ మార్పించు అని కాపురం చేసినన్నాళ్ళూ మొత్తుకున్నాను, దున్నపోతు మీద వాన, విడాకులు మాత్రం చకచకా ఇచ్చాడు, బ్యాటరీ తేవడానికి చెయ్యి రాలేదు మహానుభావుడికి, ఇప్పుడు వంటింట్లో కాఫీ కాస్తూ కావాలనే గిన్నెలు మోగిస్తున్నాడు, మోగించనీ, రికార్డింగ్ గది అద్దం అవతల నాన్న కుర్చీలో కూర్చుని మఫ్లర్ సవరించుకుంటున్నాడు, గురువారం ఆ మఫ్లర్ కిందే కత్తి పెడతారు, ప్రాణానికి భయం లేదు లమీస్, పాట సంగతి మాత్రం మరిచిపోండి అన్నాడు డాక్టర్, అందుకే ఇవాళ, ఇవాళ కాకపోతే ఇంక లేదు, అలెప్పో మొత్తానికి మిగిలిన ఆ ఒక్క గొంతు ఈ ఎర్రదీపం ఆరడం కోసం కాచుకుని కూర్చుంది.

ముందు క్లాక్, ఈ పెట్టె తన గడియారం తానే నడుపుతానంటోంది, సరే నడుపు, కాని నిదాల్ తెచ్చి తగిలించిన రికార్డర్ కూడా తన గడియారమే తనది అంటోంది, రెండూ వెంట్రుకంత తేడాగా కొట్టుకున్నా చాలు, నాన్న పాట నిండా టిక్కు టిక్కుమని పగుళ్ళు, ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని పొద్దున వాడికి చెప్పాను, ఏదో ఒకటి పెట్టెయ్యవే, అంత చెవులు రిక్కించి ఎవడు వింటాడు అన్నాడు, నేను వింటాను, వాడి పెట్టెను బయటి క్లాక్‌కి తిప్పాను, ఇక అది నా పెట్టె వెనకే నడవాలి, తల వంచుకుని నడవాలి, తిప్పుతుంటే ప్రాణానికి ఎంత హాయిగా ఉందో, గొంతును కొలిచే వేగం సెకనుకు నలభై ఎనిమిది వేల సార్లు, రెండింటిలోనూ అదే ఉండాలి, ఒకదాంట్లో తగ్గినా రేపు వినబడేది నాన్న గొంతు కాదు, ఎవరో పరాయి ముసలాయన గొంతు, డిజిటల్ దారికి ఆప్టికల్ తీగ, ఆఁ, ఆకుపచ్చ దీపం, ఇప్పటికి బుద్ధి వచ్చింది.

ఇక లెవెల్, పొద్దున చెడింది ఇక్కడే, పరీక్షకు పాడమంటే ఈ ఊరి గాయకుడెవడూ నిండు గొంతు ఇవ్వడు, అసలు పాటలో గొంతు పెరుగుతుందని మీటర్‌లో పైన చోటు వదిలిపెట్టాలి, నేను వదిలాను, నిదాల్ వచ్చి ఇంత నీరసంగానా అని పెంచేశాడు, పెంచి ఊరుకున్నాడా, లోపలికి పోయి నాన్న మోకాళ్ళకు ఎదురుగా కూర్చుని, పాట పైకెక్కే చోట కళ్ళు మూసుకుని మెచ్చుకోలుగా ఆహ్, అల్లా అని అరిచాడు, నాన్న గొంతు భగ్గుమంది, మీటర్ ముల్లు ఎర్రగీత దాటింది, అంతే, ముక్కలు, పాత టేపు అయితే కాస్త ఓర్చుకునేది, అంకెలకు ఓర్పు లేదు, పైన తెగినదాన్ని ఎవడూ కుట్టలేడు, బయటికి నడు అన్నాను, వినేవాడు అనకపోతే పాడేవాడు ఎట్లా పాడతాడే, మీ నాన్న నాకు ముందు నేర్పింది పాట కాదు, వినడం అన్నాడు, నడు అన్నాను మళ్ళీ, అల్లుడు కాకపోయినా శిష్యుడు శిష్యుడేనని ఊరందరి ముందు చెప్పిన నాన్న నా వంక చూసి తల దించుకున్నాడు, దించుకోనీ.

పాడు నాన్నా, అంతా సిద్ధం, పాడుతున్నాడు, శ్రుతి తప్పలేదు, పదం తప్పలేదు, పగుళ్ళు లేవు, అరుపులు లేవు, ముల్లు మాత్రం ఎక్కడో అడుగున పాకుతోంది, లెవెల్ పెంచాను, ఇంకా పెంచాను, పెరిగింది వీధి జనరేటర్ గురగుర, గొంతు కాదు, పాట పైకెక్కే చోటు వచ్చింది, పోయింది, నాన్న కరెంటు బిల్లు చదివినట్టు దాటేశాడు, ఆపేశాడు, నొప్పిగా ఉందా నాన్నా అని మైకులో అడిగాను, కాదు తల్లీ, ఈ అద్దంలో నా మొహమే కనబడుతోంది, ఎవరికని పాడను అన్నాడు, నాకు పాడు, నేను వింటున్నాను కదా, నా చెవుల నిండా నువ్వే ఉన్నావు అన్నాను, నువ్వు లెక్క చూసుకుంటున్నావమ్మా, చూసుకో, అది నీ పని అన్నాడు, ఆ మాటలో కోపం లేదు, ఉన్నా బాగుండేది, ఇంత మంట పుట్టేది కాదు.

కన్నతండ్రి నావాడు, పెట్టె నాది, క్లాక్ నాది, ఇన్ని నావై ఉండి ఆ గొంతు తెరిచే మాట వంటింట్లో గిన్నెలు మోగించే ఆ మనిషి నోట్లో ఉండటమేమిటి, వాడంటే నాకు అసహ్యం, ఇప్పటికీ అసహ్యమే, గురువారం దాటాక జన్మలో వాడి మొహం చూడను, ఆహ్ అని నేనే ఒకసారి అని చూశాను, మెల్లగా, మైకు ఆపేసి, అరువు తెచ్చుకున్నట్టు ఉంది, నాకు రాదు, ఇన్నేళ్ళూ నేను నాన్నను కొలిచాను, విన్నది వాడు, లెవెల్ తగ్గించాను, వాడు అరిస్తే నాన్న ఎంత ఎత్తుకు లేస్తాడో అంతా పట్టేలా, ఇంకొంచెం తగ్గించాను, లేచి తలుపు తీశాను, నిదాల్, ఆ కాఫీ అక్కడ పడేసి రా, పోయి నాన్నకు ఎదురుగా కూర్చో, నోరు మూసుకుని మాత్రం కూర్చోకు.