బుచ్చన్న చేపపిల్లలు

బుచ్చన్నకు తెలియని విషయం లోకంలో లేదని బుచ్చన్న ఒక్కడే నమ్ముతాడు. ఓపెన్‌కాస్టు గనిలో డంపరు నడుపుతాడు. బండి ఎంత ఎత్తో తన తెలివీ అంత ఎత్తనుకుంటాడని పక్క క్వార్టరు ఫక్రున్నీసా అభిప్రాయం. ప్రైవేటు బడిలో ఏళ్ల తరబడి సైన్సు చెప్పి రిటైరైన మనిషి ఆమె. మొద్దుల్ని బోలెడంతమందిని చూసింది గానీ, ఇంత ధీమాగా మొద్దుగా బతికేవాణ్ణి చూడలేదు.

కాలనీలో నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి గనుక ఇంటింటికీ డ్రమ్ములుంటాయి. దోమపిల్లల్ని తింటాయని వానాకాలం మొదట్లో ఆరోగ్య కార్యకర్తలు వాటిలో చిన్న చేపలు వదిలి వెళ్లారు. బుచ్చన్న డ్రమ్ములోవి పిల్లి పాలయ్యాయి. తర్వాత నీళ్లలో సన్నటి పురుగులు మెలికలు తిరుగుతుంటే, చేపలు పిల్లల్ని పెట్టి పోయాయని తీర్మానించేశాడు మహానుభావుడు. రోజూ పిడికెడు తవుడు వేస్తున్నాడు. మూత పెట్టనివ్వడు, వాటికి ఊపిరాడదట.

ఆ డ్రమ్ము సరిగ్గా ఫక్రున్నీసా కిటికీ కింద ఉంది. ఆ గదిలో ఆమె కూతురు సుమయ్యా పడుకుంటుంది. తొలి కాన్పుకు వచ్చింది, ఏడో నెల.

"బుచ్చన్నా, అవి చేపలు కావు, దోమపిల్లలు. నాలుగొద్దులైతే రెక్కలొస్తయ్. నీళ్లు పారబొయ్యి. ఇంట్ల కడుపుతోని ఉన్న పిల్లున్నది."

"నీళ్లల్ల ఈదేటిదానికి రెక్కలెట్లొస్తయక్కా? నువ్వు పుస్తకంల చూసి చెప్తున్నవ్. నేను కండ్లతోని చూస్తున్న."

ఆమెకు ఒళ్లు మండింది. డ్రమ్మును తనే వంచేస్తే క్షణంలో పీడ వదిలేది. కానీ తప్పయిందని వాడి నోటితోనే అనిపించాలి. కొన్ని పురుగుల్ని గాజు సీసాలో పట్టి, మూతికి గుడ్డ కట్టి, అతని గుమ్మంలోనే పెట్టింది.

రెండు రోజులకు అవి తలలు లావెక్కి, ఒళ్లు వంకర తిరిగి, తిండి మానేశాయి.

"పస్తులుంచి గూనోళ్లను చేసినవ్ గదక్కా," అన్నాడు బుచ్చన్న.

తర్వాత ఒళ్లు చిట్లి, పొట్టు నీళ్లమీద వదిలి, దోమలు గుడ్డను పట్టుకుని కూర్చున్నాయి. గుడ్డకు చిల్లుండి బయటివి దూరాయన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఫక్రున్నీసా పళ్లు కొరికి మళ్లీ సీసా కడిగింది, మళ్లీ పురుగుల్ని పట్టింది, ఈసారి రెండు మడతల గుడ్డ కట్టింది. డ్రమ్ము ఎక్కడిదక్కడే ఉంది.

చివరికి బుచ్చన్న ఓడిపోయాడు. పొద్దున్నే, రెండు మడతల గుడ్డ కిందా దోమలే ముసిరిన సీసా పట్టుకుని వచ్చేసరికి ఫక్రున్నీసా కూతుర్ని ఆటో ఎక్కిస్తోంది. సుమయ్యాకు ఒళ్లు పెనంలా కాలుతోంది. పొట్టమీద నుంచి చెయ్యి తియ్యడం లేదు.

"నువ్వు చెప్పిందే నిజమక్కా. డ్రమ్ము ఇప్పుడే గుమ్మరించిన," అన్నాడు. సుమయ్యా ముఖం చూసి గొంతు తగ్గించాడు. "నాకైతే తెల్వకపాయె. నీకు మొదటి దినమే తెలుసు గద, నువ్వెందుకు గుమ్మరియ్యలేదు?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే తెలియక అడిగాడు. ఫక్రున్నీసా ఆటో ఎక్కి కూతురి తల ఒళ్లోకి తీసుకుంది.

"దవాఖానకు జల్ది పోనియ్యవయ్యా, నిద్రపోతున్నవా," అని డ్రైవరును కసిరింది. ఆ పూట కసరడానికి అతను తప్ప ఆమెకు ఎవరూ మిగల్లేదు.