నాలుగు స్టేషన్ల దూరం

మా ఆయన వ్యాను తాళాలు ఎవరూ అడగకముందే ఇచ్చేశారు. మందుల గోదాము నుంచి ఆసుపత్రులకు అట్టపెట్టెలు చేరవేసే పని ఆయనది. ఈ దేశం వచ్చినప్పటి నుంచీ, పదకొండేళ్లుగా అదే పని. బండి మీద ఒక్క గీత పడనివ్వలేదు. ఒక మంగళవారం మలుపు తిరుగుతుంటే పక్కనుంచి వచ్చిన సైకిలు మనిషి ఆయనకు కనబడలేదు. అతనికేమీ కాలేదు. బ్రేకు వేసుకుని, నాలుగు తిట్లు తిట్టి తన దారిన పోయాడు. మా ఆయన మాత్రం బండి పక్కకు తీసి, గోదాముకు ఫోన్ చేసి, వేరే డ్రైవరును పంపమన్నారు.

"కళ్ల డాక్టరింకా నడపొద్దనలేదు కదండీ, అంత తొందరేముంది?" అన్నాను ఇంటికొచ్చాక.

"డాక్టరు చెప్పేదాకా నేనాగొచ్చు. ఆ సైకిలతను ఆగగలడా?" అన్నారు.

తర్వాతి వారం కంటి డాక్టరు సంగతి తేల్చి చెప్పాడు. చూపు అంచుల నుంచి లోపలికి మూసుకుపోతోంది. గొట్టంలోంచి చూసినట్టు నడిమధ్య కాస్త మిగిలింది. అదీ ఎన్నాళ్లుంటుందో చెప్పలేనన్నాడు. మా ఆయన ఓపిగ్గా అంతా విని, డాక్టరుకు దణ్ణం పెట్టి లేచారు.

నేను ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తాను. రోగుల్ని చూసీ చూసీ గట్టిపడ్డాననుకునేదాన్ని. సొంత మనిషి దగ్గరకొచ్చేసరికి ఆ గట్టితనం ఎటు పోయిందో తెలియదు. ఆయన లేచేలోపే మంచినీళ్లు తెచ్చేదాన్ని. సాక్సులు జతచేసి పెట్టేదాన్ని. ఒకరోజు చొక్కా గుండీలు కూడా పెట్టబోయాను.

"నాకు పోతున్నది కళ్లు. చేతులు కాదు," అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ నాకు చురుక్కుమంది. అయినా మానలేదు. మూడు నెలలు ఆయన కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నారు. అంత మర్యాదగా, అంత నెమ్మదిగా ఎన్నడూ లేరు. అదే నాకు భయమేసింది.

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. ఇంట్లో దాన్ని జడ్జిగారంటాం. ఏ తగువైనా సరే, తీర్పు చెప్పందే దానికి నిద్రపట్టదు. ఒకరోజు అది సైకిలుతో గట్టుకు గుద్దుకుని, ముందు చక్రాన్ని అష్టవంకరలు తిప్పుకుని వచ్చింది. నేను కొత్తది కొందామనేలోపే ఆయన సైకిలును మూడో అంతస్తు వసారాలో తలకిందులుగా నిలబెట్టారు. చిన్నప్పుడు సెలవులన్నీ మేనమామ సైకిల్ షాపులో గడిపిన మనిషి. కళ్లు మూసుకుని చక్రం తిప్పారు. రిమ్ముకు గోరు ఆనించి ఎక్కడ తగులుతోందో విన్నారు. ఒక్కొక్క స్పోకునూ వేలితో మీటారు. బిగుతుగా ఉన్నది 'టింగు'మంటే, వదులైనది 'టప్పు'మంది. రెండు గంటల్లో బెండు పూర్తిగా తీసేశారు.

"నాన్నా, కళ్లు మూసుకుని చేశావా?" అంది జడ్జిగారు.

"తెరిస్తే అడ్డొస్తున్నాయమ్మా."

ఆ చక్రమే ఆయనకు ఉద్యోగం తెచ్చిపెట్టింది. ట్యూబు మార్పించడానికి మా ఇంటి నుంచి రైల్లో నాలుగో స్టేషన్ దగ్గరున్న సైకిళ్ల షాపుకు వెళితే, ఓనరమ్మ చక్రం తిప్పి చూసి, ఎవరు సరిచేశారని అడిగింది. మా అమ్మాయి దుబాసీ పని చేసింది. ఇక్కడి భాషలో మా ఆయనకు డ్రైవింగుకు కావలసిన నాలుగు ముక్కలే వచ్చు: ఎడమ, కుడి, సంతకం పెట్టండి, ఆలస్యమైంది క్షమించండి. ఓనరమ్మ పెద్దగా మాట్లాడలేదు. వంకరపోయిన చక్రాలు మూడు తెచ్చి ముందు పడేసింది. సాయంత్రానికి మూడూ తిన్నగా తిరిగాయి. "నెలరోజుల్లో ఒక్కడివే రాగలిగితే పని నీదే," అంది.

ఒక్కడే. ఆ మాట నా గుండెల్లో రాయిలా పడింది.

తెల్లకర్రతో నడవడం నేర్పే టీచరమ్మ వారానికి రెండుసార్లు వచ్చేది. ఆదివారాలు తండ్రీకూతుళ్లు పొద్దున్నే వెళ్లి, ఆ రైలు లైనులో ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లి తిరిగొచ్చేవాళ్లు. ఎక్కడ తలుపు ఎటు తెరుచుకుంటుంది, ఎక్కడ వంతెన చప్పుడు బోలుగా వస్తుంది, ఏ మలుపులో ఒళ్లు ఎటు ఒరుగుతుంది, అంతా బట్టీ పట్టారు. అన్నం తింటూ తండ్రి పాఠం అప్పజెప్తే జడ్జిగారు మార్కులు వేసేది.

"రెండో స్టేషన్లో తలుపు కుడివైపు."

"తప్పు. ఎడమ. మళ్లీ చెప్పు."

నెల గడువు ముగిసే సోమవారం ఆయన ఒంటరిగా బయల్దేరారు. నేను డ్యూటీకి వెళ్తున్నట్టు చెప్పి, సెలవు పెట్టి, ఇరవై అడుగుల వెనకే నడిచాను. ఆయనెక్కిన రైలు పెట్టెలోనే ఎక్కి మూడో తలుపు దగ్గర నిలబడ్డాను. మధ్యలో ఎవరి సూట్‌కేసుకో కాలు తగిలి ఆయన తూలారు. నేను ఒక అడుగు ముందుకు వేశాను. ఈలోపే ఆయన కడ్డీ పట్టుకుని నిలదొక్కుకుని, సూట్‌కేసు మనిషితో, "ఆలస్యమైంది క్షమించండి," అన్నారు. ఆయనకు తెలిసిన క్షమాపణ అదొక్కటే మరి. ఆ మనిషి పకపకా నవ్వి సీటిచ్చాడు. నాలుగో స్టేషన్ వచ్చేసరికి ఇద్దరూ సైగలతో ఏదో చెప్పుకుంటున్నారు. ఆయన దిగారు, కర్రతో అంచు వెతుక్కున్నారు, మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగారు. షాపు తలుపు తోసుకుని లోపలికి వెళ్లేదాకా చూసి, అక్కడే బల్ల మీద కూర్చుని ఏడ్చాను. భయంతో కాదు. ఆయనెంత మనిషో మూడు నెలలుగా మర్చిపోయి, ఇంట్లో కూర్చోబెట్టి ఎంత చిన్న చేశానో అప్పుడు అర్థమైంది.

సాయంత్రం ఏమీ ఎరగనట్టు, "ఎలా జరిగిందండీ?" అని అడిగాను.

"బాగానే జరిగింది. నువ్వెందుకు సెలవు పెట్టావు?"

"మీకెవరు చెప్పారు?" అన్నాను.

"నేను తూలినప్పుడు మూడో తలుపు దగ్గర ఎవరో 'అయ్యో' అన్నారు. ఈ ఊరి రైల్లో నాకోసం అయ్యో అనేవాళ్లు ఇంకెవరున్నారోయ్?"

ఆ రోజు నుంచి వెంట వెళ్లడం మానేశాను. సాక్సులు కూడా ఆయన్నే జతచేసుకోనిచ్చాను. రంగులు కలవకపోతే జడ్జిగారు చెప్తుంది.

చిత్రమేమిటంటే, అసలు పిరికిదాన్ని నేనే. పదకొండేళ్లూ ఈ ఊరిని ఆయన పక్క సీట్లోంచే చూశాను. ఇంటికీ ఆసుపత్రికీ నడక దూరమే. ఆయన వెనక వెళ్లిన ఆ ఒక్కరోజు తప్ప, అంతకు మించి ఒంటరిగా ఎక్కడికీ వెళ్లింది లేదు. ఆయన బండి నడపడం మానేశాకే అది బయటపడింది. పొరుగూరి పెద్ద ల్యాబులో సూపర్‌వైజరు పోస్టుకు ఇంటర్వ్యూ వచ్చింది. మధ్యలో రైలు మారాలి. "రాలేనని రాసేస్తాను," అన్నాను.

"రాయి. కానీ అబద్ధం రాయకు. భయమేసి రావట్లేదని రాయి," అన్నారు ఆయన.

వెళ్లాను. మారాల్సిన చోట, ఎదురుగా ఉన్న రైలెక్కేశాను. అది ఒక్క స్టేషన్లోనూ ఆగదే! పేర్లు గిర్రున వెనక్కి పోతున్నాయి. షాపుకు ఫోన్ చేశాను.

"ఏవండీ, తప్పు రైలెక్కాను. ఎటు పోతున్నానో తెలీదు."

"కూర్చున్నావా? ముందు కూర్చో. ఎక్కి ఎంతసేపైంది?"

"పది నిమిషాలు."

"వంతెన దాటావా?"

"రెండు దాటాను. వెంటవెంటనే."

"ఇప్పుడు ఒళ్లు ఎటు ఒరుగుతోంది?"

ఆ మాటకు నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. "కుడివైపుకండీ."

"అయితే ఏం ఫరవాలేదు. అది ఫాస్టు రైలు, ఒక ఆదివారం అమ్మాయీ నేనూ ఎక్కిందే. ఐదారు నిమిషాల్లో ఆగుతుంది, తలుపు ఎడమవైపు తెరుచుకుంటుంది. దిగాక మెట్లెక్కకు, ఏటవాలుగా కిందికి దిగే దారుంది, అవతలి ప్లాట్‌ఫాం మీదికి తేలుతావు. మొదటొచ్చే రైలు వదిలేసి రెండోది ఎక్కు. తిరిగి మారాల్సిన చోటికే తెస్తుంది."

ఆయన మాట వెనక చక్రం తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. పని ఆపకుండానే నన్ను దారిలో పెట్టారు. చెప్పింది చెప్పినట్టు జరిగింది. తలుపు ఎడమవైపే తెరుచుకుంది.

ఇంటర్వ్యూకు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వెళ్లాను. ఎందుకాలస్యమని ఇంటర్వ్యూ చేసే ముగ్గురూ అడిగారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. వాళ్లలో పెద్దావిడ, "నమూనాల చీటీలు తారుమారైతే ఏం చేస్తారు?" అని అడిగింది. "ముందు కూర్చుంటాను. ఎక్కడిదాకా సరిగ్గా వచ్చామో చూసుకుంటాను. ఆ తర్వాతే కదుల్తాను," అన్నాను. అది ఎవరి నోటి మాటో చెప్పాక గుర్తొచ్చింది.

ఉద్యోగం మొదట ఇంకొకరికిచ్చారు. నెల తిరిగాక ఆ మనిషి వద్దనుకుంటే నన్ను పిలిచారు. ఇప్పుడు రోజూ నేను రెండు రైళ్లెక్కి వెళ్తున్నాను. ఆయనకు నడిమధ్య మిగిలిన ఆ కాస్త చూపూ పలచబడింది. షాపులో మాత్రం చక్రాల మూల మొత్తం ఆయనదే. కొత్తగా చేరిన ఇద్దరికి స్పోకుల చప్పుడు వినడం నేర్పుతున్నారు.

మొన్న ఆదివారం ముగ్గురం ఇంతవరకూ ఎక్కని లైనొకటి ఎక్కాం. చివరి స్టేషన్లో ఏముందో ఎవరికీ తెలియదు, అందుకే వెళ్లాం. దిగేసరికి గాలి ఒక్కసారిగా మీద పడింది. ఆయన ఆగి, ముఖం ఎత్తి, "ఏముందమ్మా ఇక్కడ?" అని కూతుర్ని అడిగారు.

"ఏమీ లేదు నాన్నా. ఒట్టి గడ్డి. అవతల రెండు గుర్రాలు."

"రెండు గుర్రాలుంటే ఏమీ లేదంటావేంటే!" అని ఆయన కర్ర ముందుకు చాపి, గుర్రాలెటున్నాయో అడిగి, అటే నడిచారు. మేమిద్దరం ఆయన వెనక పరుగందుకున్నాం.