అయొనోన్ పెట్టిన తంపులు

సబ్బుల ఫ్యాక్టరీలో సువాసనలు కలపడం అతని పని. పెళ్లయిన కొత్తలో భార్య కోసం ముచ్చటపడి ఒక సెంటు తయారుచేశాడు. అందులో ముఖ్యమైనది అయొనోన్; వయొలెట్ పూల వాసన వచ్చేలా ల్యాబులో తయారుచేసే రసాయనం.

పళ్ల డాక్టరైన భార్య సీసా మూత తీసి, వాసన చూసి ముక్కు చిట్లించింది.

"ఏమండీ, పొరపాటున వెనిగర్ సీసా తెచ్చారా?"

"వెనిగరా! పూల వాసన రావట్లేదూ?"

"ఏ పూలు? సలాడ్‌లో వేసేవా?"

అతని మొహం మాడిపోయింది. మర్నాడు ఫ్యాక్టరీలో కనిపించినవాళ్లందరికీ వాసన చూపించాడు. అందరూ బాగుందన్నారు. దాంతో పంతం పెరిగి, ఆదివారం సీసా జేబులో వేసుకుని అత్తగారింటికి బయల్దేరాడు. భార్య నవ్వాపుకుంటూ వెంట వెళ్లింది.

అత్తగారు ఒక్కసారి పీల్చి, అల్లుడి మనసు నొప్పించడం ఇష్టంలేక మర్యాదగా అడిగింది.

"మరకలు బాగా పోతాయా బాబూ?"

మామగారు సీసా లాక్కుని కళ్లు మూసుకున్నాడు. "అబ్బ! వానవెలిసిన తోటలా ఉందయ్యా!" అని, ఉన్నట్టుండి భార్య వైపు తిరిగాడు. "ఏమే, పెళ్లయిన కొత్తలో నీకో ఊదారంగు సబ్బు తెచ్చాను, గుర్తుందా? పులిసిపోయింది, షాపువాడి మొహాన కొట్టి రమ్మన్నావు! అచ్చం ఇదే వాసన!"

"అది పులిసిందే," అంది అత్తగారు, ఏమాత్రం తగ్గకుండా.

అల్లుడికి అప్పుడు వెలిగింది. కొందరి ముక్కుకు అయొనోన్‌లో పూలు అందవని, పుట్టుకతోనే వాళ్లకది పుల్లగా తగులుతుందని చదువుకున్నాడు. అలాంటివాళ్లు సొంత ఇంట్లోనే ఉంటారనుకోలేదు.

"తప్పెవరిదీ కాదండీ. తల్లీకూతుళ్లది ఒకటే ముక్కు."

"ఇన్నేళ్లూ నన్ను ముక్కు లేనివాణ్ణి చేశారు కదయ్యా!" అంటూ మామగారు చొక్కా నిండా సెంటు పూసుకున్నాడు. అత్తగారు కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకుంది.

తిరుగు బస్సులో భార్య అతని వైపు తిరిగింది. మెల్లగా అడిగింది.

"నిజంగా అంత బావుంటుందా? నాకు తెలిసే వాసనలతో చెప్పండి."

అతను ఆలోచించాడు. "ఎండలోంచి తెచ్చిన దుప్పటి మొహానికి ఆనించుకుంటావే, అలా మొదలవుతుంది. దానికి కాస్త పౌడరు, కాస్త తీపి. పట్టుకుందామంటే మాయమైపోతుంది. పోయిందిలే అనుకుంటే మళ్లీ వస్తుంది."

"మీలాగే, పనిచెప్పినప్పుడు," అంది ఆమె. "ఊఁ, ఇంకా?"

దిగాల్సిన స్టాపు దాటిపోయినా ఇద్దరూ చూసుకోలేదు.