బల్ల ఇంటికొచ్చిన సాయంత్రం

పాస్టరు జాబేజయ్యగారు తెల్ల అంగీతో, చేతిలో రొట్టె, ద్రాక్షరసం ఉన్న చిన్న పెట్టెతో ఓడరేవు పక్క గార్డెన్ రీచ్ పేటలోని ఆ రెండు గదుల ఇంట్లో అడుగుపెట్టారు. మూడు దుప్పట్ల కింద గజగజ వణుకుతున్న సంతోషమ్మకు ఆయన్ని చూడగానే ఒళ్లు మండిపోయింది.

"ఏటయ్యగారూ, బల్ల నా ఇంటికే తెచ్చీసేరా?"

ఇక లేవరనుకున్న వాళ్లకి ప్రభువు బల్లను, అంటే ఆ రొట్టెనూ రసాన్నీ, ఇంటికే తీసుకెళ్లి ఇవ్వడం వాళ్ల చర్చిలో ఆచారం. ఆ పెట్టె వెళ్లిన ఇళ్లకి నాలుగు రోజులు తిరక్కుండానే పూలదండలు వెళ్లడం సంతోషమ్మ ఎన్నిసార్లు చూడలేదు! ఆ ఇళ్లల్లో వచ్చినవాళ్లకి టీలు కాచి పోసిందే తను. ఇప్పుడు తన వంతు వచ్చిందని ఇంట్లోవాళ్లు తేల్చేశారన్నమాట.

అయ్యగారిని పిలిచింది మొగుడు ఆదాము. డాక్‌లో క్రేను నడిపి రిటైరైన మనిషి. దేనికీ బెదరని వాడు, పెళ్లాం ఒళ్లు కాలేసరికి బెంబేలెత్తిపోయాడు. సంతోషమ్మకి రొమ్ము కేన్సరు నడుం ఎముకల్లోకి, తుంటిలోకి పాకింది. ఆ ఎముకలు విరిగిపోకుండా నెలకోసారి ఎక్కించే మందు నిన్ననే మొదటిసారి ఎక్కించారు. తెల్లారేసరికి జ్వరం, ఒళ్లంతా పచ్చిపుండు.

"ఆ మందు నిన్ను తినీస్తంది సంతోషం. ఇంకో సీసా నీ ఒంట్లోకి ఎల్లనివ్వను" అన్నాడు ఆదాము, తువ్వాలుతో కళ్లు ఒత్తుకుంటూ.

"నర్సు దిదీ ఏటి చెప్పింది? మొదటిసారి జ్వరమొస్తాది, రెండు మూడ్రోజుల్లో తగ్గిపోద్ది, తగ్గకపోతే రమ్మని చెప్పలేదా? నువ్వేమో అప్పుడు సీసాకేసి చూస్తా పార్థన చేసుకుంటన్నావు. చెవులెక్కడ పెట్టీసేవు మావా?"

"అమ్మా, అయ్యగారి ముందు ఏటది!" అంది కూతురు జూలీ, సిగ్గుపడిపోతూ.

"అయ్యగారి ముందే చెప్తాను. ఆదివారం చర్చిలో బల్ల దగ్గరికి నాను నడిసొస్తాను. నడిస్తే, వచ్చే నెల మందుకి మీ నాన్నే తీసుకెళ్లాల. నడవలేకపోతే మీ నాన్న మాటే నా మాట. అయ్యగారూ, ఏటీ అనుకోకండి. టీ తాగెల్లండి."

అయ్యగారు మంచి మనిషి. టీ తాగి, తెరవని పెట్టె పట్టుకుని వెళ్లిపోయారు.

అంత మాటైతే అనేసింది సంతోషమ్మ. నిజంగా లేవలేకపోతే? రోగాన్ని పూర్తిగా పోగొట్టే మందు లేదని డాక్టరు ముందే చెప్పేశాడు. కానీ ఎముక నిలబడితే మనిషి నిలబడుతుందనీ చెప్పాడు. ఆమెకి బతకాలని ఉంది, అంతే. ఈ వయసులో ఇంకా ఎందుకని ఎవరైనా అడిగితే చెంప పగలగొట్టేలా ఉంది.

శనివారానికి జ్వరం దిగింది. జూలీ పెట్టిన చారన్నం తిని, ఉప్పు లేదని కూతుర్ని నాలుగు తిట్టింది. ఆ తిట్లు విని వంటింట్లో ఆదాము చాటుగా ఏడ్చాడు.

ఆదివారం చర్చి గుమ్మం దాకా ఆటోలో వెళ్లారు. అక్కడినుంచి కర్ర పొడుచుకుంటూ సంతోషమ్మ ఒక్కతే నడిచింది. తుంటిలో పోటుకి కళ్లు తిరిగాయి. ఆదాము చెయ్యి అందించబోతే కర్రతో అదిలించింది. బెంచీల్లో వాళ్లంతా పాట మరిచిపోయి చూశారు. చూడనీ!

బల్ల ముందు అందరూ మోకరించారు. ఆదామూ మోకరించాడు. సంతోషమ్మ మాత్రం బల్ల ముందుండే చెక్క కటకటాలు పట్టుకుని నిలబడే ఉంది. ఎవరో కుర్చీ తెచ్చారు. తల అడ్డంగా ఊపింది.

రొట్టె పళ్లెంతో వచ్చిన అయ్యగారు ఆమె ముందు ఆగారు.

"మోకాళ్లూనితే మరి లేవలేనండి. లేవడానికే కదా ఆ మందు ఎక్కించుకుంటన్నాను? నిల్చున్నదానికే ఇవ్వండి" అంది సంతోషమ్మ, చెయ్యి చాపి.

అయ్యగారు ఆ చేతిలో రొట్టె పెట్టారు.

పక్కన మోకరించిన ఆదాము కటకటాలు పట్టుకుని మెల్లిగా లేచి, పెళ్లాం పక్కన నిలబడ్డాడు.

"వచ్చే నెల ఏ రోజు రమ్మన్నారే?" అన్నాడు, గొంతు తగ్గించి.

"ముందు రొట్టి మింగనీ మావా" అంది సంతోషమ్మ.