చంద్రవ్వకు చేరని గొంతు

దశరథం గొంతులో గడ్డ లేచిందనీ, హైదరాబాదులో కోసి తీసేస్తారనీ, ఆ తర్వాత మాట రాదనీ తెలిసిన రోజు నుంచి భార్య నర్మద ఇంట్లో ఎవరినీ గట్టిగా మాట్లాడనివ్వలేదు. మాట్లాడితే ఆయనే మాట్లాడాలని ఆమె పట్టుదల. ఆయనేమో మాట్లాడమంటే మాట్లాడే మనిషి కాదు. ఏళ్ల తరబడి సముద్రపు ఒడ్డున ఒక ప్రయోగశాలలో చెక్కను తొలిచే పురుగులతో కాపురం చేసి, వాటిలాగే చప్పుడు లేకుండా బతికాడు.

కరీంనగర్‌లో మగ్గాల గల్లీ ఆయనది. నిజాం రాజ్యం పోయిన మరుసటి ఏడే కోస్తాకు వెళ్లి, నౌకరీ అయిపోయాక తిరిగొచ్చాడు. జైనూర్ అడవి టేకు చెక్కల్ని తాళ్లకు కట్టి సముద్రంలో వేలాడదీయడం, కొన్నాళ్లకు పైకి లాగి పురుగు ఎంత తిన్నదో చూడడం, ఇదీ ఉద్యోగం. "టేకు మనది, పురుగు వాళ్లది, నడుమ నేను" అని నవ్వేవాడు. ఆ నవ్వు కూడా ఇప్పుడు గరగరమంటోంది.

ఆ ప్రయోగశాల తన తొలినాటి శాస్త్రవేత్తల అనుభవాలను వాళ్ల గొంతుల్లోనే దాచిపెట్టాలనుకుంది. అందుకు ఖయ్యూం టేపు మిషన్ మోసుకుని వచ్చాడు. దశరథం చేతికింద పని నేర్చినవాడు, హుస్నాబాద్ వాడు. మరునాడు మధ్యాహ్నమే దశరథం హైదరాబాదు ప్రయాణం.

"సార్, మీ నౌకరీ ముచ్చట మొదటికెళ్లి చెప్పుండ్రి."

"నౌకరీ ముచ్చట రేపు పొద్దుగాల. ముందుగాల చంద్రవ్వకు చెప్త," అన్నాడు దశరథం. "నువ్వు బెల్లంపల్లి పోయి ఆమెకు వినిపియ్యి. గది అయితే నాకు ఫికరు లేదు."

చంద్రవ్వ కొడుకు సిద్దిరాములు. అదే ప్రయోగశాలలో దశరథంతో పాటు పనిచేశాడు. ఒకరోజు ఇద్దరూ చెక్కలు పైకి లాగుతుంటే పడవ ఒరిగింది. దశరథం బతికాడు, సిద్దిరాములు మునిగాడు. శవం కూడా దొరకలేదు. బొగ్గుబాయి పని వద్దని తల్లితో కొట్లాడి వెళ్లినవాడు కనుక, కావాలనే దుంకాడట అని ఎవరో నోరు పారేసుకున్నారు. ఆ మాట తల్లి చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. దశరథం ఆమె ఇంటికి ఎన్నిసార్లు వెళ్లినా, కొడుకును నీళ్లపాలు చేసినవాడని మొహం మీదే తలుపు వేసింది. మొన్న మంచం పట్టాక మాత్రం కబురు పంపింది. "కాగితాలు నాకొద్దు. చూసినోడు ఆయనొక్కడే. ఆయన నోటితోనే వింట." అప్పటికి డాక్టర్లు కోత రోజు పెట్టేశారు. బస్సులో బెల్లంపల్లి దాకా కుదుపులు తట్టుకునే ఒళ్లు ఆయనకు లేదు.

టేపు మిషన్ చక్రాలు తిరగసాగాయి. నర్మద తలుపు పక్కన కూచుంది.

"అవ్వా, నీ కొడుకు దుంకలే," అని మొదలుపెట్టాడు దశరథం. ఆ రోజు పొద్దున సిద్దిరాములు పెద్ద శంఖం ఒకటి ఏరి సంచిలో వేసుకున్నాడట. వచ్చే వారం ఇంటికి పోత, అవ్వ చెవికాడ పెడ్త, కోపం పోతది అన్నాడట. పడవ ఒరిగినప్పుడు చెక్కల తాడు కాలికి చుట్టుకుంది. "నేను చెయ్యి పట్టుకున్న అవ్వా. తడిచెయ్యి, జారింది. ఇంకోపారి అందుకున్న, ఇంకోపారి జారింది. వాడు 'అన్నా, ఇడువకు' అన్నడు. బతుకుత అనేటోడే గట్లంటడు గాని, సావొచ్చేటోడు అంటడా?"

ఇన్నేళ్ల కాపురంలో ఆ మాటలు నర్మద కూడా వినలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ తర్వాత దశరథం ఇంకా చాలాసేపు ఏవేవో చెప్పాడు. టేపు ఒక పక్క నిండేదాకా చెప్పాడు. ఖయ్యూం మిషన్ ఆపి, నిండిన చక్రాన్ని పొద్దున ఎడమవైపుకు తిప్పి పెట్టి రెండో పక్క మొదలుపెడదామని, చాయ్ తాగి నమాజుకు వెళ్లాడు.

దీపాల వేళ నర్మద ఆ మిషన్ చూసింది. ఎడమ చక్రం బోసిగా, టేపంతా కుడి చక్రానికి చుట్టుకుని ఉంది. నేతగాళ్ల ఇంట పుట్టిన పిల్ల. దీపం పెట్టేలోగా విడిపోయిన నూలును మళ్లీ దాని కండెకు చుట్టి పెట్టాలి, విప్పిన కండెను రాత్రికి వదిలితే నేతకు అరిష్టమని వాళ్ల అవ్వ చిన్నప్పుడే వీపు మీద వేసి మరీ నేర్పింది. వేలు పెట్టి మెల్లగా తిప్పుతూ, ఎక్కడా మడత పడకుండా, టేపునంతా ఎడమ చక్రానికి చుట్టింది. చెప్పుకోవాల్సినంత పని అని కూడా ఆమెకు తోచలేదు.

పొద్దున ఖయ్యూం చూస్తే ఎడమ చక్రం నిండుగా ఉంది. నిన్నే తిప్పి పెట్టానేమో అనుకున్నాడు పాపం. మీట నొక్కాడు. దశరథం పురుగుల గురించి చెప్పాడు. గొంతు పూడుకుపోతున్నా, ఆగి నీళ్లు తాగుతూ, చివరికి గాలి తప్ప మాట రానిదాకా చెప్పాడు. అదే ఆయన ఆఖరి మాట.

హైదరాబాదులో కోత అయ్యాక ఖయ్యూం ఆసుపత్రికి వచ్చాడు. నర్మదను వరండాలోకి పిలిచాడు.

"అమ్మా, చంద్రవ్వ మంచం కాడ మిషన్ పెట్టిన. గల్లీ అంత వచ్చింది. పెడితే పురుగుల ముచ్చట వచ్చింది. సిద్దిరాములు ముచ్చట లేనే లేదు, దాని మీదనే పురుగుల ముచ్చట ఎక్కింది. 'నా కొడుకు ముచ్చటేది బిడ్డా, పురుగులు తిన్నయా' అని గోడ దిక్కు తిరిగింది. టేపును ఎవరో ఎనుకకు చుట్టిండ్రు."

నర్మద తన వేళ్లకేసి చూసుకుంది.

"నేనే చుట్టిన," అంది. "నా చేతులిరగ. నేనే చుట్టిన నాయనా."

లోపల దశరథం మెడకు కట్టుతో పడుకుని ఉన్నాడు. ఆమె ఆయన కాళ్లు పట్టుకుని చెప్పింది. ఆయన నోరు తెరిచాడు. తిట్టాడో, ఓదార్చాడో ఆమెకు తెలియలేదు. చప్పుడు లేదు. తిట్టినా బాగుండు, వినబడేలా ఒక్కమాట తిట్టినా బాగుండునని ఆమె కుమిలిపోయింది. చివరికి ఆయన సైగతో పలక అడిగి రాశాడు: బెల్లంపల్లి పోదాం.

డాక్టర్లు వద్దంటున్నా వినకుండా, లేచి నడవగలిగిన రోజే బయల్దేరారు. చంద్రవ్వ మంచంలో ఎముకల మూటలా ఉంది. ఈసారి తలుపు వేయలేదు, వేసే ఓపిక లేదు.

"నేను చెప్త అవ్వా," అంది నర్మద.

"నువ్వు చూసినవా?"

"లేదు. ఆయన చెప్తుంటె విన్న."

"అయితే ఆయననే చెప్పుమను."

దశరథం మెడ మీది రుమాలు తీశాడు. అక్కడ ఊపిరికి కోసిన రంధ్రాన్ని ముసలమ్మ చూసింది. నర్మద ఇక ఆగలేదు, ఏడుస్తూనే మొదలుపెట్టింది. "అవ్వా, నీ కొడుకు దుంకలే..." శంఖం, సంచి, వచ్చే వారం, కాలికి తాడు. ఆమె ఒక్కో మాట అంటుంటే దశరథం పెదవులు కూడా అదే మాటకు కదిలాయి. చంద్రవ్వ నర్మదను చూడడం మానేసి ఆ పెదవులనే చూడసాగింది.

"చెయ్యి పట్టుకున్న అవ్వా. తడిచెయ్యి, జారింది..."

దశరథం కుడిచెయ్యి గాలిలోకి లేచి దేన్నో గట్టిగా పట్టుకుంది. జారింది. మళ్లీ పట్టుకుంది. అది నర్మద చెప్పి చేయించింది కాదు. ఆమె చెప్పడం ఆపి ఆ చేతినే చూసింది.

చంద్రవ్వ చెయ్యి చాచి ఆ చేతిని అందుకుంది.

"గీ చెయ్యేనా కొడుకా? వాడు ఆఖరికి పట్టుకున్నది గీ చెయ్యేనా?"

దశరథం తల ఊపాడు. ముసలమ్మ ఆ చేతిని రెండు చేతులతో గుండెకు అదుముకుంది. కళ్లు మూసుకుంది కానీ, చెయ్యి వదల్లేదు.

"నువ్వు ఆగకు బిడ్డా," అంది నర్మదతో. "చెప్పు. వాడు ఏమన్నడు?"